తీపి నెత్తురు పెద్దమనిషి

సాయంత్రం డాబా మీద నలుగురు చేరిన చోట ఆయన తప్పకుండా ఉంటాడు. మిగతావాళ్లు కబుర్లలో పడితే ఆయన మోచేతి మీద ఒకటి, పిక్క మీద ఒకటి చరుచుకుని, "ఏం చేస్తాం, నా రక్తం తీపి. దోమలు నన్నొదలవు" అంటాడు. గొంతులో బాధ కన్నా గర్వమే ఎక్కువ. వాళ్ల తాతగారికీ ఇంతేనట. పొలమూ పెంకుటిల్లూ పోగా వంశానికి మిగిలిన ఆస్తి ఈ తీపి ఒక్కటే. అందుకే దద్దుర్లను సన్మానంలో కప్పిన శాలువాలా చొక్కా చేయి మడిచి మరీ చూపిస్తాడు.

ఆయన ఫిర్యాదు అబద్ధం కాదు, చెప్పే కారణమే తప్పు. తొండం చర్మంలోకి దించేదాకా నెత్తురు రుచి దోమకు తెలిసే దారే లేదు. కుట్టేది ఆడదోమ. అది మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును తొండం పక్కనుండే చిన్న స్పర్శాంగాలతో దూరం నుంచే పసిగట్టి, దగ్గరికొచ్చాక ఒంటి వేడినీ చర్మం వాసననూ పట్టుకుంటుంది. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో లెస్లీ వోషాల్ బృందం కొందరి ముంజేతులకు నైలాన్ మేజోళ్లు తొడిగి, వాసన పట్టాక వాటిని ఏడిస్ దోమల ముందు పెట్టింది. దోమలు ఎగబడినవాళ్ల చర్మం మీద కార్బాక్సిలిక్ ఆమ్లాలు ఎక్కువని 2022లో తేల్చింది. ఇక కంపుకు పేరుమోసిన లింబర్గర్ చీజ్ మలేరియా దోమను మనిషి పాదాలంతగానూ లాగుతుందని చూపిన ఇద్దరు శాస్త్రవేత్తలకు 2006లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి దక్కింది. అంటే దోమను రప్పించేది నరాల్లోని పాకం కాదు, చర్మం మీది కంపు.

"మరి నాకు షుగరుంది కదా?" అని ఆయన అడ్డుపడతాడు. ఉండొచ్చు, కానీ గ్లూకోజు ఆవిరై గాలిలో కలవదు. గాలిలోకే రాని తీపిని దోమ ఎలా వాసన చూస్తుంది? "రోజూ రెండు పూటలా స్నానం చేస్తాను" అన్నది రెండో వాదన. సబ్బు పైపొరను కడుగుతుందే తప్ప, ఆ ఆమ్లాలను మోస్తూ లోపలి నుంచి ఊరే నూనెను ఆపలేదు. వోషాల్ ప్రయోగంలోనూ కొందరి ఆకర్షణ ఏళ్ల తరబడి తగ్గలేదు. అయినా ఆయన ఒప్పుకోడు. తీపి అంటే పుట్టుకతో వచ్చిన గొప్ప, ఆమ్లం అంటే కాళ్లు కడుక్కు రమ్మనడం. ఇరుగుపొరుగు కూడా ఈ శాస్త్రం ఆయన చెవిన వేయరు. రెండు వాసనలు ఎదురుపడితే తనకు నచ్చినవైపే దోమ పోతుంది కనుక, ఆయన పక్క కుర్చీకి ఎప్పుడూ గిరాకీయే.