నన్ను గట్టిగా బిగించండి

నా బరువు దాదాపు పది కిలోలు. చిన్న కారుకు సరిపోయే 12 వోల్టుల బ్యాటరీని. తిరుపతి పక్కన కరకంబాడిలో పుట్టాను. లోపల ఆరు సెల్స్, సీసం పలకలు, వాటిని ముంచి ఉంచే యాసిడ్. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ నన్ను నడిపిస్తోంది.

మొదటి యజమాని దగ్గర నాకే లోటూ లేదు. పుష్యమాసపు చలిలోనూ ఒక్క సెల్ఫ్‌కే ఇంజన్ని లేపేదాన్ని. ఆ కారును రేసుల పిచ్చి ఉన్న కుర్రాడొకడు కొన్నాక నా కష్టాలు మొదలయ్యాయి. మట్టి ట్రాకు మీద ఆటోక్రాస్ పోటీల కోసం వెనక సీట్లు పీకేశాడు. ముందు వైపు బరువు తగ్గాలని నన్ను డిక్కీలోకి మార్చాడు. మార్చడం తప్పు కాదు. కానీ తనకేమో ఖరీదైన ఆరు పాయింట్ల బెల్టు కొనుక్కుని, నన్ను పాత సైకిల్ ట్యూబుతో కట్టాడు. ఆ కోపం నాకింకా పోలేదు.

లాగితే సాగే రబ్బరు నన్నేం ఆపుతుంది? నా బరువుకు అయిదింతల కుదుపు తగిలితే నేను యాభై కిలోల బండను. కారు గోడకు గుద్దుకుని ఇరవై రెట్లు తగిలితే రెండు క్వింటాళ్లు. అంత బరువూ డ్రైవరు వీపు మీదికే వస్తుంది. అంత దూరం ఎగరక్కర్లేదు, పక్కకు ఒరిగి నా పాజిటివ్ టెర్మినల్ బాడీ రేకుకు ఆనినా చాలు. వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారి కేబుల్ మండుతుంది. పైగా ఛార్జింగులో నాలోంచి హైడ్రోజన్ వెలువడుతుంది. మూసిన డిక్కీలో అది గాలిలో 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. ప్రతి గుంతలోనూ ఎగిరిపడి నా పలకల మీది పూత రాలి అడుగున పేరుకుంటుంటే, వాడు మాత్రం టైర్ల గాలి చూసుకునేవాడు.

పోటీకి ముందు కార్లను తనిఖీ చేసే స్క్రూటినీలో ఓ పెద్దాయన నన్ను రెండు చేతులా పట్టి ఊపాడు. కదిలాను. “దీన్ని బిగించేదాకా కారు లైన్లోకి రాదు బాబూ” అన్నాడు. ఆయనకు ఈనాటికీ దణ్ణం పెడతాను. అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధన ప్రకారం ఎలా ఉండాలో ఆయనే చెప్పి చేయించాడు. కింద లోహపు ట్రే, పైన ఇన్సులేషన్ తొడిగిన రెండు లోహపు క్లాంపులు, నేలరేకు గుండా దిగే 10 మి.మీ. బోల్టులు. ప్రతి బోల్టు కింద 3 మి.మీ. మందాన, కనీసం 20 చదరపు సెంటీమీటర్ల ఇనుప పలక. అది లేకపోతే పల్చటి రేకును చీల్చుకుని బోల్టు ఊడి వస్తుంది. యాసిడ్ కారని ప్లాస్టిక్ పెట్టె, దానికి విడిగా బిగింపు. పాజిటివ్‌కు రబ్బరు టోపీ. ఇక కటాఫ్ స్విచ్ నన్ను విడదీస్తే సరిపోదు, ఇంజన్నీ ఆపాలి. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటర్ కరెంటిస్తూనే ఉంటుంది. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు అది ఆఖరున. లేదంటే పాజిటివ్ మీది స్పానర్ బాడీకి తగిలి అక్కడికక్కడే మెరుపులు.

ఆ తర్వాత ఎన్ని మలుపులు తిరిగినా నేను వెంట్రుకవాసి కదల్లేదు. అంత మర్యాదగా నన్నెవరూ కూర్చోబెట్టలేదు.

పోటీల కాలం ముగిసింది. కారును షెడ్డులో పెట్టి వాడు వెళ్లిపోయాడు. నెగటివ్ వైరు విప్పి, నెలకోసారి ఛార్జి పెట్టినా బతికేదాన్ని. ఛార్జి దిగిపోతూ పలకల మీద తెల్లటి సల్ఫేటు గట్టిపడింది. నీళ్లు తగ్గి పలకల కొసలు బయటపడ్డాయి. ఒక్కరూ మూత తీసి చూడలేదు. చివరికి సెల్ఫ్ కొడితే టిక్ టిక్ అని మాత్రమే అనగలిగాను. “ఇది చచ్చింది” అని తీసి గోడవారన పడేశారు. నేను మోసిన ఏ పోటీ సంగతీ ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు పాత ఇనుము కొట్లో ఉన్నాను. నాలోని సీసం కరిగి మళ్లీ పలక అవుతుంది కాబట్టి నా గురించి నాకు బెంగ లేదు. కానీ ఇక్కడి కుర్రాడు చేతులకు తొడుగుల్లేకుండా గొడ్డలితో బ్యాటరీలు పగలగొట్టి యాసిడ్ కాలవలో ఒంపేస్తున్నాడు. పాత బ్యాటరీని సేకరించేవారికో రీసైక్లింగ్ చేసేవారికో అప్పగించాలని 2022 నాటి నిబంధనలు చెబుతున్నాయి. నన్ను డీలరుకిచ్చి ఉంటే కొత్తదాని ధరలోనూ కొంత తగ్గేది, ఈ పిల్లాడి చేతులూ కాలేవి కావు.