పూడ్చిన గోతికి సాక్షి: ఒక ఎం బుక్ ఆత్మకథ

ఆత్మకథ అన్నాక 'నేను' అని మొదలుపెట్టాలి. కానీ ఎం బుక్కులో ఆ మాటకు గడి లేదు. పని వివరం, సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, మొత్తం. ఉన్న గడులు ఇవే. కాబట్టి ఈ పుస్తకం తన సంగతి కూడా పరాయివాళ్ల సంగతి చెప్పినట్టే చెప్పుకుంటుంది.

దీని పూర్తి పేరు మెజర్‌మెంట్ బుక్. మునిసిపల్ ఆఫీసులో ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. గట్టి అట్ట, లోపల అచ్చులోనే నంబర్లు పడ్డ పేజీలు. ఒక్క పేజీ చించకూడదు. తప్పు పడితే చెరపకూడదు, గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. రాసేది ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు. సరిచూసేది డీఈ, అతని పైన ఉండే డిప్యూటీ ఇంజినీరు. కొలతలు ఒప్పుకున్నట్టు కాంట్రాక్టరు సంతకం చేయాలి. బిల్లు తయారయ్యాక ఆ పేజీల మీద ఎర్రసిరాతో ఐమూలగా గీత పడుతుంది, అదే కొలతకు రెండోసారి డబ్బు పోకుండా. ఇవన్నీ తెల్లవాళ్ల నాటి పబ్లిక్ వర్క్స్ శాఖ నుంచి వచ్చిన కట్టుబాట్లు. 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చింది, 1993లో 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. ఎర్ర గీత మాత్రం అలాగే ఉంది.

ఊరు పల్నాడు వైపు ఒక చిన్న మునిసిపాలిటీ. పేరు అట్ట మీద ఉంది, ఇక్కడ అక్కర్లేదు. సాగర్ కాలువ వదిలినప్పుడు సమ్మర్ స్టోరేజీ ట్యాంకు నింపుకుంటారు, కాలువ కట్టేశాక ఆ నీళ్లతోనే వేసవి గట్టెక్కాలి. పటిక వేసి, వడకట్టి, క్లోరిన్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కిస్తారు. అక్కణ్నుంచి రోజు విడిచి రోజు, గంటసేపు కుళాయి. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు. ఇళ్ల ముందు సిమెంటు సైడు కాలువలు, అవే ఊరి మురుగు వ్యవస్థ.

ఈ పుస్తకంలో మొదటి పద్దు గంగానమ్మ గుడి వీధిది. పాత ఏసీ గొట్టం పగిలింది. ఏసీ అంటే ఆస్బెస్టాస్ సిమెంటు. ఒకప్పుడు చవకని ఊరూరా వేసిన రకం, ఇప్పుడు బరువు లారీ పైనుంచి పోతే చాలు పెళుసుగా విరుగుతుంది. తెల్లవారుజామున గొయ్యి తవ్వారు. బురదనీళ్లు తోడిపోశారు. విరిగిన ముక్క కోసి తీసి, కొత్త ముక్క పెట్టి, రెండు పక్కలా ఇనప జాయింట్లలో రబ్బరు రింగులు కూర్చి బోల్టులు బిగించారు. గోతి గట్టున చెప్పుల మీద కూర్చుని ఏఈ టేపు పట్టించాడు. పొడవు, వెడల్పు, లోతు. అరగంటలో మట్టి కప్పేశారు.

ఇక ఆ గోతిలో ఏముందో చెప్పగలిగేది ఈ పుస్తకమే. కప్పేసే పనిని కప్పకముందే కొలవాలని కాంట్రాక్టు షరతుల్లోనే ఉంటుంది. రోడ్డు, కల్వర్టు, స్కూలు గోడ కంటికి కనిపిస్తాయి. నీళ్ల గొట్టం మాత్రం ఒకసారి పూడ్చాక కాగితం మీదే బతుకుతుంది.

అయితే ఆ రోజు గోతిలో ఏఈ చూసిన ఇంకో సంగతి ఏ గడిలోనూ పడలేదు. ఇళ్లకు వెళ్లే అరంగుళం కనెక్షన్ గొట్టాలు వీధి దాటేటప్పుడు సైడు కాలువలోంచే వెళ్తున్నాయి. మురుగులో నాని నాని ఇనుము తుప్పు పట్టి, అట్ల పెనం అడుగులా పొరలుపొరలుగా లేస్తోంది. కుళాయి వచ్చే గంటసేపూ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లుంటే నీళ్లు బయటికి పోతాయి. కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది, అప్పుడు అదే చిల్లులోంచి మురుగు లోపలికి వస్తుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లుంటే చెప్పక్కర్లేదు. కుళాయి దగ్గర నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారతీయ ప్రమాణం. ట్యాంకు దగ్గర ఎంత కలిపినా, దారిలో మురుగు కలిస్తే దానితో పోరాడడానికే ఆ క్లోరిన్ ఖర్చైపోతుంది.

ఇది ఉత్త భయం కాదు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది. పదిమందికి పైగా చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ వారం ఈ ఊరి ఆఫీసులో కూడా పాత ఎం బుక్కులు బీరువాల్లోంచి దించి, ఏ వీధిలో ఏ గొట్టం ఎప్పుడు వేశారో వెతికారని పక్క అరలో ఉండే పాత పుస్తకాలు చెప్పాయి. దుమ్ము దులపడం వరకు బాగానే జరిగిందట.

కౌన్సిల్ సమావేశానికి ఎం బుక్కును ఎవరూ పిలవరు. కానీ బిల్లుల ఫైలులో ఇరుక్కుని హాలుదాకా వెళ్తుంది. 2021 మార్చి ఎన్నికల్లో గెలిచిన కౌన్సిల్ ఇది. అంతకుముందు కొంతకాలం ప్రత్యేకాధికారి పాలన. మరమ్మతులు అజెండాలో చివర్న ఉంటాయి, చాలావరకు అప్పటికే అయిపోయి ఉంటాయి. గొట్టం పగిలితే కౌన్సిల్ కూర్చునేదాకా ఆగరు కదా. ముందు పని, తర్వాత ఆమోదం.

"ఏఈ గారూ, మా వార్డులో అదే గొట్టం ఎన్నిసార్లు అతికిస్తారండీ? కొత్తది వేయరాదా?" అని ఒక కౌన్సిలరు లేస్తుంది.

"ఎస్టిమేటు పంపామమ్మా, సాంకేతిక అనుమతి రావాలి."

"అతుకులకైన డబ్బుతో కొత్త లైనే వచ్చుండేది."

ఆమె చెప్పింది నిజం. ఒకే వీధి పేరు ఈ పుస్తకంలో మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ కొత్త పనిలాగే. డబ్బు బొత్తిగా లేదనీ కాదు. పది లక్షల లోపు జనాభా పట్టణాలకు 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా ఇచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే కట్టిపెట్టింది. 2021 అక్టోబరులో మొదలైన అమృత్ 2.0 చిన్న పట్టణాలను కూడా కలుపుకుంది. కానీ పథకాల డబ్బుతో కొత్త ట్యాంకు కడితే శిలాఫలకం ఉంటుంది. పాత గొట్టం మార్చడానికి రోడ్డు తవ్వితే తిట్లుంటాయి. మొన్ననే వేసిన సీసీ రోడ్డును ఎవరు తవ్వనిస్తారు?

పూడిక తీత పేజీల గురించి ఈ పుస్తకం కొంచెం సిగ్గుపడుతుంది. సైడు కాలువలోంచి తీసిన మట్టిని గట్టున కుప్ప పోసి కొలుస్తారు. తడిగా ఉన్నప్పుడు కొలిస్తే ఒక లెక్క, రెండు రోజులు ఎండాక కొలిస్తే ఇంకో లెక్క. వాన పడితే కుప్ప మళ్లీ కాలువలోకే జారుతుంది, మళ్లీ తీస్తారు, మళ్లీ కొలుస్తారు. కొలత అబద్ధం కాదు. అలాగని ఊరికి ఒరిగిందేమిటో అడక్కూడదు.

బజారు కల్వర్టు సంగతి వేరు. మూత ఉన్న పెద్ద మురుగు కాలువ అది. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా లోపలికి మనిషిని దించి చేత్తో పూడిక తీయించడం, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు, మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. ఈ పుస్తకంలో మాత్రం 'కల్వర్టులో పూడిక తీత, ఇన్ని ఘనపు మీటర్లు' అనే ఉంటుంది. యంత్రం తీసిందా, మనిషి దిగాడా అన్నది గడిలో రాదు. ఆ ఒక్క గడి ఉంటే బాగుండేదని ఈ పుస్తకం అభిప్రాయం.

కొలతకు అందనివాటిలో అన్నిటికన్నా విలువైంది ముసలి ఫిట్టరు చెవి. రాత్రి ఊరు సద్దుమణిగాక వాల్వు కడ్డీ మీద ఇనప రాడ్డు ఒక కొస ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటాడు. భూమిలో నీళ్లు చీదే చప్పుడు వినిపిస్తే అక్కడ సుద్దతో గీత గీస్తాడు. తవ్వితే నూటికి తొంభైపాళ్లు అక్కడే ఉంటుంది లీకు. తవ్వినందుకు రేటుంది, మట్టి నింపినందుకు రేటుంది. విన్నందుకు రేట్ల పట్టికలో వరసే లేదు. కాబట్టి లీకు ఎక్కడో కనుక్కోవడం అనే పని ఈ ఊళ్లో జరిగినట్టు ఎక్కడా రుజువు లేదు.

రోడ్డు మీద రోడ్డు వేసి వేసి, కొన్ని వాల్వు గుంటలు అడుగు లోతున కూరుకుపోయాయి. ఏది ఎక్కడుందో ఫిట్టరుకే తెలుసు. అతని ఉద్యోగ విరమణ దగ్గరపడింది. వార్డు సచివాలయంలో కొత్తగా చేరిన ఎమినిటీస్ కార్యదర్శికి ఫోనులో మ్యాపు ఉంది గానీ, అందులో ఈ వాల్వులు లేవు.

ఒక సాయంత్రం ఏఈ బండి సీటు మీద ఈ పుస్తకం తెరిచి పెట్టాడు. "బాబాయ్, గుడి వీధి వాల్వు ఎక్కడో చెప్పు, రాసుకుంటా."

"రాసుకోవడమేంటి సారూ? రండి, చూపిస్తా. మంగలి షాపు మెట్టు నుంచి నాలుగడుగులు, కరెంటు స్తంభానికి ఎదురుగా."

63వ పేజీలో, కొలతల పక్కనున్న ఖాళీలో, ఏఈ ఒక బొమ్మ గీశాడు. మెట్టు, స్తంభం, మధ్యలో గుండ్రం చుట్టి బాణం గుర్తు. అడుగులను టేపుతో కొలిచి మీటర్లలోకి మార్చి రాశాడు. ఆ తర్వాత రెండు మూడు వీధులకు అలాగే గీశాడు. ఈ పుస్తకంలో పనికొచ్చే పేజీలేవంటే అవే.

ఆడిట్ వాళ్లు వచ్చారు. పేజీలు లెక్కపెట్టారు, కూడికలు సరిచూశారు, ఎర్ర గీతలు చూశారు. అన్నీ సక్రమం. అభ్యంతరం ఒక్కటే: 63వ పేజీలో బిల్లుకు సంబంధం లేని బొమ్మ ఎవరి అనుమతితో గీశారు, వివరణ ఇవ్వవలెను.

వివరణ వెళ్లేదాకా పుస్తకం బీరువాలోనే ఉండాలి. ఈలోగా గుడి వీధిలో గొట్టం మళ్లీ పగిలింది. ఫిట్టరు అప్పటికే రిటైరై కూతురి దగ్గరికి ఒంగోలు వెళ్లిపోయాడు. అర్ధరాత్రి ఏఈ వాచ్‌మన్ని లేపి బీరువా తీయించి, 63వ పేజీని ఫోనులో ఫొటో తీసుకుని, టార్చీ పట్టుకుని బండెక్కాడు. తెల్లారి ఆఫీసుకొచ్చి, ఆ తవ్వకం కొలతలు కొత్త ఎం బుక్కులో రాసుకున్నాడు.