మూడు ఊళ్ల దారి: ఒక రైలు మార్గం స్వీయచరిత్ర

గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలు మార్గంలో ధర్మవరానికీ హిందూపురానికీ నడుమ ఉన్న భాగమే ఈ స్వీయచరిత్రకు కర్త. తనను తాను ‘ఈ దారి’ అని పేర్కొనడం దానికి అలవాటు. 19వ శతాబ్దపు చివరి దశకంలో మీటరు గేజిగా, అంటే రెండు పట్టాల మధ్య ఒక మీటరు ఎడంతో పుట్టిన ఈ దారిని 1980వ దశకంలో 1.676 మీటర్ల ఎడం ఉండే బ్రాడ్‌గేజిగా మార్చారు. తన బాల్యం గురించి ఇంతకు మించి చెప్పుకోవడం దానికి ఇష్టం లేదు. దాని అభిప్రాయాలన్నీ ఉన్నచోటనే పడి ఉండి, తన మీదుగా పోయేవారిని, దిగేవారిని గమనిస్తూ ఏర్పరచుకున్నవి కనుక, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం అనే ఈ మూడు పట్టణాలకు కొత్తగా ఏం కావాలన్న చర్చలో తన మాటకూ చోటుండాలని అది భావిస్తుంది.

ఆ చర్చ తరచుగా ఊరికొక తీరున సాగుతుంది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు, జిల్లా కేంద్రం తమకే దక్కాలని హిందూపురం ఆందోళనకు దిగింది; అప్పటినుంచి ఒక ఊరికి పార్కు వస్తే మరో ఊరు విగ్రహం అడగడం, ఇంకో ఊరు చెరువులో పడవలు అడగడం మామూలైంది. పర్యాటక ఆకర్షణ అంటే, పనేమీ లేకపోయినా మనిషిని బండి దిగేలా చేసేది అని ఈ దారి నిర్వచనం. ఆ కొలతతో చూస్తే ఇక్కడ కట్టవలసిన దానికన్నా, ఇప్పటికే ఉండి కూడా ఎవరూ దిగి చూడనిదే ఎక్కువ.

పెనుకొండ సంగతే చూడవచ్చు. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని ఇక్కడికి తరలించాడు. 16వ శతాబ్దం చివరన అది చంద్రగిరికి పోయేదాకా విజయనగర రాజకీయమంతా ఈ కొండ చుట్టూనే తిరిగింది. గగనమహల్, పార్శ్వనాథ జైనాలయం, బాబయ్య దర్గా ఒకే ఊళ్లో ఉన్నాయి. అయినా బడిపిల్లల విహారయాత్రలు ఉత్సాహంగా ఆగేది కుంభకర్ణుడి తోట దగ్గర; అక్కడ పడుకున్న సిమెంటు రాక్షసుడి పొట్టలోకి పిల్లలు దూరి కేరింతలు కొడతారు. ఈ దారి దానిని తక్కువ చేసి మాట్లాడదు, ఎందుకంటే జనాన్ని దింపిన ఘనత దానిదే. కాని అక్కడ దిగినవారిని కోటలోకి నడిపించే చదునైన కాలిబాట, నీడనిచ్చే నాలుగు చెట్లు, ఏ బురుజు ఏమిటో చెప్పగల స్థానిక యువకులు ఉంటే, మరో విగ్రహం పోసే ఖర్చులో కొద్ది భాగంతోనే ఊరికి ఒక పూట అదనంగా దక్కుతుంది.

పెనుకొండకు కొత్త రాజ్యం కార్లదే. 2017లో ఒప్పందం కుదిరి, ఎర్రమంచి దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం ఏటా 3 లక్షల కార్లు తయారు చేయగల సామర్థ్యంతో నెలకొన్నది. ఆ కార్లలో కొన్ని ఈ దారి మీదుగానే ఎన్‌ఎంజీ వ్యాగన్లలో, అంటే ప్రయాణికుల సేవ నుంచి తప్పించిన పాత పెట్టెలకు కిటికీలు మూసి, చివరి గోడకు తలుపులు అమర్చిన బండ్లలో పోతుంటాయి. మనుషులు కూర్చున్న చోట కార్లు కూర్చుని పోవడం ఈ దారికి కాస్త వింతగానే తోస్తుంది.

హిందూపురం కష్టం వేరు. గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు తన తండ్రి హిందోజీ పేరిట నిలిపిన ఊరని ప్రసిద్ధి. లేపాక్షి వీరభద్రాలయం ఇక్కడికి సుమారు 15 కిలోమీటర్లు. అది, అక్కడి ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో, అంటే ప్రపంచ వారసత్వ హోదాకు ప్రతిపాదించదగినవిగా ఒక దేశం ముందుగా నమోదు చేసే పట్టికలో చేరాయి. అయితే బెంగళూరు కార్లు 44వ జాతీయ రహదారి మీద కొడికొండ దగ్గర మలుపు తీసుకుని, నందిని చూసి, ఫొటోలు దిగి, హిందూపురం ముఖం చూడకుండానే వెనుదిరుగుతాయి. ఆ ఊళ్లో బెల్లం, చింతపండు మార్కెట్లతో పాటు పట్టుగూళ్ల మార్కెట్ ఉంది. రైతులు తెచ్చిన గూళ్లను పళ్లేల్లో పోస్తే, రీలర్లు, అంటే గూడు నుంచి దారం తీసేవారు, గుప్పెడు తీసి నొక్కి చూసి వేలంలో ధర పలుకుతారు. ఈ దారి సలహా ఏమంటే, లేపాక్షి సందర్శనతో పాటే ఆ వేలానికి, రీలింగు కేంద్రానికి దారి చూపే ఏర్పాటు ఉండాలి. ఉడికిన గూళ్ల వాసన అందరికీ నచ్చదు గాని, ఒక్క గూడు నుంచి వందల మీటర్ల పోగు తెగకుండా రావడం చూసినవారు ధర్మవరానికి టికెట్టు కొనకుండా ఉండలేరు.

ధర్మవరంలో చూడవలసింది గుంట మగ్గం. నేసేవారు గుంటలోకి కాళ్లు వదిలి కూర్చుని తొక్కుడు చెక్కలు ఆడిస్తుంటే, నిలువు పోగులైన పడుగు విడివడి, ఆ సందులోంచి అడ్డపోగైన పేకను మోసుకుంటూ నాడె దూసుకుపోతుంది. పైన జాకార్డు పెట్టెలో రంధ్రాల అట్టలు ఒక్కొక్కటిగా తిరుగుతూ ఏ పోగు లేవాలో, ఏది అణగాలో నిర్ణయిస్తాయి. లేపాక్షి లతామంటపం స్తంభాల మీది నమూనాలు ఈ అట్టల ద్వారానే చీర అంచుల్లోకి దిగుతాయి. ఇక్కడ ఒక చిక్కుంది: వాకిట్లోకి వచ్చిన ప్రతివాడికీ బదులు చెబుతూ ఆగే మగ్గం ఆ మేరకు కూలి పోగొట్టుకుంటుంది. అందుచేత చూసేందుకు రుసుము పెట్టి, దానిని నేరుగా ఆ నేతగాడికే ఇవ్వడం ఏ పథకానికైనా మొదటి షరతు కావాలి. చీర కొనమని మొగమాటపెట్టడం రెండో పక్షం. తెలంగాణలోని భూదాన్ పోచంపల్లి 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాలలో చేరిందంటే అందుకు ఆధారం మగ్గమే తప్ప కొత్తగా కట్టిన కట్టడం కాదు. ధర్మవరానికి పోచంపల్లి కన్నా ఒక వెసులుబాటు ఎక్కువ: పక్కనే ఉన్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు నిలయం; ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. తోలుబొమ్మలాట రాత్రి ఆట. ఆట చూసినవాడు ఆ రాత్రి ఎక్కడో ఒకచోట పడుకోవాలి. హోటలు గదుల లెక్క అక్కడినుంచే మొదలవుతుంది.

గదుల మాట వచ్చినప్పుడు నీటి మాట తప్పదు. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ సీమకు హంద్రీ–నీవా కాలువ ద్వారా గొల్లపల్లి జలాశయానికి చేరే కృష్ణా జలాలే పెద్ద ఊరట. ఆ నీటిని ఫౌంటెన్లకు, జలక్రీడల పార్కులకు మళ్లించే ఏ ప్రతిపాదననైనా ఈ దారి నిర్మొహమాటంగా వ్యతిరేకిస్తుంది.

ఇక తన వంతుగా ఈ దారి కోరేది చిన్నది. 2000 నవంబరులో పుట్టపర్తి సత్యసాయి బాబా భక్తుల కోసం ప్రశాంతి నిలయం స్టేషన్ తెరుచుకున్నదంటే, భక్తులు వెళ్లే చోటికి పట్టాలు వంగి వెళ్లాయన్నమాట. 2017లో విశాఖపట్నం నుంచి అరకుకు అద్దాల పెట్టె వేసినప్పుడు, కిటికీలోంచి చూడటమే ప్రయాణానికి కారణం కాగలదని తేలింది. ఇక్కడ అద్దాల పెట్టె అక్కరలేదు. శని, ఆదివారాల్లో యలహంక నుంచి ధర్మవరం వరకు పగటిపూట నడిచే ఒక మెము, అంటే ప్రత్యేకంగా ఇంజను లేకుండా పెట్టెల కిందనే విద్యుత్ మోటార్లు ఉండే బండి, ఉదయం హిందూపురంలో వేలం వేళకు దింపి, మధ్యాహ్నం పెనుకొండ చేర్చి, చీకటి పడేలోగా ధర్మవరంలో వదిలితే చాలు. అయితే హిందూపురం, పెనుకొండ స్టేషన్లు హుబ్బళ్లి కేంద్రంగా ఉన్న నైరుతి రైల్వేలో బెంగళూరు డివిజనువి. కోటలు, గుడుల చుట్టూ ప్రణాళికలు వేసే పర్యాటక శాఖ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిది. బండి వేళలు నిర్ణయించేవారికి మార్కెట్ వేళలు తెలియవు, మార్కెట్ వేళలు తెలిసినవారికి కాలపట్టిక మీద అధికారం లేదు. కాబట్టి ఏ శంకుస్థాపనకన్నా ముందు జరగవలసింది ఆ రెండు కార్యాలయాల ఉమ్మడి సమావేశం, ఆ బల్ల దగ్గర ఒక రీలరుకు, ఒక నేతగాడికి కూడా కుర్చీ.