నీలితెర సన్నిధానమునుండి ఒక విన్నపము

విశ్వవిద్యాలయ కంప్యూటరు శాస్త్ర పాఠ్యప్రణాళికా మండలి అధ్యక్షులవారి సముఖమునకు, ఒకానొక అనుబంధ కళాశాలలో ఇంజనీరింగు ద్వితీయ సంవత్సరము చదువుచున్న విద్యార్థి సవినయముగా సమర్పించుకొను బహిరంగ లేఖ.

ఆర్యా,

వాడుకభాషలో నాలుగు ముక్కలు వ్రాసి ఈమెయిలున పంపుట నాకు చేతకాక కాదు. అయినను, మా ప్రోగ్రామింగు ల్యాబులో కొలువుదీరియున్న ఉపకరణముల వయస్సును, వానియెడ పెద్దలకు గల అవ్యాజమైన ఆదరమును గమనించిన పిమ్మట, పాతబడినదానికి మన విశ్వవిద్యాలయమున దక్కునంతటి గౌరవము కొత్తదానికి దక్కదని నిశ్చయించుకొని, ఆ గౌరవములో లేశమైనను నా విన్నపమునకు లభింపకపోవునా యన్న ఆశతో ఈ గ్రాంథికమును ఆశ్రయించితిని. నడుమ దొరలిన దోషములను తాము మన్నింతురుగాక. పంక్తి సంఖ్యతో సహా తప్పును చూపు కంపైలరు ఈ భాషకు లేదు.

మా ల్యాబులో సీ భాష నేర్చుటకు నేటికిని పీఠమెక్కియున్నది టర్బో సీ ప్లస్ ప్లస్ అను నీలితెర. తమ మండలి దానిని పేరుపెట్టి విధింపకపోయి యుండవచ్చును. వలదని వారింపకపోవుటచేత అది విధియైనది. బోర్లాండ్ సంస్థవారు 1990వ దశకపు తొలినాళ్లలో డాస్ కొరకు నిర్మించిన ఆ సాధనము తన కాలమున గొప్పదేయని నేను నిస్సంకోచముగా అంగీకరింతును. వ్రాయుట, తప్పులు పట్టుట, నడుపుట యను మూడు పనులను ఒక్క తెరమీదనే జరిపించిన దాని చాతుర్యమునకు ఆనాటివారు ముగ్ధులగుటలో వింత లేదు. కాని ఆ పిమ్మట సీ భాషకు 1999లోను, 2011లోను కొత్త ప్రమాణములు వెలువడినవి. సీ ప్లస్ ప్లస్‌కు తొలి అంతర్జాతీయ ప్రమాణమే 1998లో ఏర్పడినది. వీనిలో ఏ ఒక్కటియు నీలితెర యెరుగదు. ప్రమాణములో ఎన్నడును చోటులేని కోనియో హెడరును, దానివెంట క్లియర్‌స్క్రీనును, చివర గెట్‌సీహెచ్‌ను మేము కంఠస్థము చేసి, ఇవి లేనిదే సీ భాష లేదని నమ్మి బయటికిపోయి, మొదటి ఇంటర్న్‌షిప్పులో కోనియో అను ఫైలు లేదని కంపైలరు ముఖముమీదనే చెప్పగా తెల్లబోవుచున్నాము.

ఒక్క ఉదాహరణమును కొంచెము దగ్గరగా చూపుటకు అనుమతింపుడు. ఫాక్టోరియల్ ప్రోగ్రాము లేని సీ ల్యాబు రికార్డు మన ఉభయ రాష్ట్రములలోను ఉండదు గదా. నీలితెరపై ఆ ప్రోగ్రామును మామూలు పద్ధతిలో వ్రాసి 7 ఇచ్చినచో 5040 అని సరిగానే పలుకును. 8 ఇచ్చినచో 40320 అనుటకు మారుగా మైనస్ 25216 అని పలుకును. అచట పూర్ణాంకమునకు కేటాయించిన చోటు 16 బిట్లు మాత్రమే యగుటచేత, 32767కు మించిన సంఖ్య అందులో ఇముడక, 65536 తరుగుపోయి ఋణసంఖ్యగా వెలికివచ్చుచున్నదని కనుగొనుటకు ఎంత తెలివిగలవానికైనను కొంత సేపు పట్టును. ఆ కొంత సేపే ప్రోగ్రామింగు విద్యలో అత్యుత్తమమైన ఘడియ యని నా నమ్మకము. మా ల్యాబులో ఆ ఘడియ రానేరదు. ఏలయనగా, రికార్డులో అవుట్‌పుట్ అన్న శీర్షికక్రింద వ్రాయవలసినది యంత్రము చెప్పినది కాదు. పోయిన సంవత్సరపు సీనియరు రికార్డులో నున్నది. అందున్నది 5కు 120. మైనస్ సంగతి విన్నవించుకొనగా, వైవాకు వచ్చు ఎక్స్‌టర్నలు గారు 5ను మించి అడుగరనియు, అడిగిన దాఖలా లేదనియు, కావున నిశ్చింతగా నుండుమనియు పరమశాంతమైన సమాధానము లభించి, రికార్డుపై సంతకము పడినది.

నీలితెరను దింపి జీసీసీ అను కంపైలరును ఎక్కించినంత మాత్రమున ఈ చిక్కు తీరునని నేను భ్రమపడుటలేదు. అందు పూర్ణాంకమునకు సాధారణముగా 32 బిట్లు కనుక 12 వరకు సవ్యముగా సాగి, 13 వద్ద 6227020800 అనవలసినది 1932053504 అని అనును. ఇది మునుపటికంటె ప్రమాదకరము. ఋణసంఖ్యయైనచో చూడగనే అనుమానము కలుగును, ఇది మాత్రము పెద్దమనిషి తరహాలో ధనసంఖ్యయై వచ్చి కూర్చుండును. అయితే అదే జీసీసీకి శానిటైజరు అను ఒక ఐచ్ఛికమును జోడించి అడిగినచో, ఏ పంక్తిలో సంఖ్య హద్దు మీరినదో నడచునప్పుడే చెప్పును. ఎట్లు చెప్పగలిగినదని మరల సందేహము కలిగినచో, 1987లో రిచర్డ్ స్టాల్మన్ తొలిసారి విడుదల చేసిననాటి నుండి నేటివరకు ఆ కంపైలరు మూలము బహిరంగముగనే యున్నది, తెరచి చూడవచ్చును. నేను గౌరవించునది ఈ రెండవ సంగతిని. తప్పు చేయని సాధనము లేదు. తప్పెందుకు వచ్చెనో అడుగువానికి తలుపు తీయునది కావలెను.

ఇక్కడ ఒక విచిత్రమును తమ దృష్టికి తేకుండ నుండలేను. నేటి 64 బిట్ల విండోస్ ఆ కాలపు 16 బిట్ల ప్రోగ్రాములను నడుపనొల్లదు. అందుచేత నీలితెరను బ్రతికించుటకు మా ల్యాబువారు డాస్‌బాక్స్ అను మరియొక ప్రోగ్రామును ఆశ్రయించిరి. అది స్వచ్ఛందముగా పనిచేయు ప్రోగ్రామర్లు జీపీఎల్ అనుమతిక్రింద లోకమునకిచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. పాత యంత్రమునొకదానిని కొత్త యంత్రములో ఎట్లు అభినయింపవచ్చునో నేర్పు ఆ మూలమును చదువుటకు మాకు సర్వాధికారములు ఉన్నవి. చదువదగినదానిని మోయుటకు నియోగించి, చదువ వీలులేనిదానిని దానిమీద ఊరేగించుచున్నాము.

మూలమును చదివించి బోధించుట విదేశీయుల నుండి అరువు తెచ్చుకొనవలసిన పద్ధతియని తాము భావింపవలదు. మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యములకు వ్యాఖ్యలు రచించినది పాఠకుడు మూలమును ముందుంచుకొని పదము పదము విప్పుకొనుచు పోవుటకే గదా; కావ్యమును చూపక కవి గొప్పతనమును మాత్రము పరీక్షలో అడుగుట మన పూర్వులెరుగని విద్య. సరిగా ఆ మార్గముననే ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను అధ్యాపకుడు 1976లో యూనిక్స్ ఆరవ ఎడిషను కెర్నెలు మూలమును, పదివేల పంక్తులకు లోబడినదానిని, తన విద్యార్థుల కొరకు ఒక సంపుటముగా కూర్చి, దానికి తన వ్యాఖ్యను వేరొక సంపుటముగా వెలువరించెను. అంతకుముందు ఆపరేటింగు సిస్టమును గురించి విన్నవారే కాని లోపలికిపోయి చూచినవారు విద్యార్థులలో అరుదు. ఆ సంతోషము చిరకాలము నిలువలేదు. యూనిక్స్‌కు యజమానులైన ఏటీ అండ్ టీ వారు 1979 నాటి ఏడవ ఎడిషను మొదలుకొని మూలమును తరగతిలో బోధింపరాదని అనుమతిపత్రములో నిబంధన విధించిరి. అంతట లయన్స్ పుస్తకము నకలునుండి నకలుగా, అక్షరములు మసకబారువరకు, ప్రపంచమంతట చేతులు మారినది. బహిరంగముగా అచ్చగుటకు 1996 వరకు ఆగవలసివచ్చినది. పాఠ్యపుస్తకమును చాటున చదువుకొనవలసిన దుర్గతి రాజద్రోహ గ్రంథములకే పట్టునని అనుకొనుచుంటిని.

ఆ నిషేధము వట్టిపోలేదు. బోధించుటకు మూలము చిక్కక, ఆంస్టర్‌డాంలో ఆండ్రూ టానెన్‌బామ్ అను ఆచార్యుడు 1987లో మినిక్స్ అను చిన్న వ్యవస్థను తానే వ్రాసి, దాని మూలమును తన పాఠ్యగ్రంథముతోపాటు అచ్చువేయించెను. ఆ గ్రంథమును చదివిన హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, 1991 ఆగస్టులో తాను ఒక ఆపరేటింగు సిస్టమును సరదాకు వ్రాయుచున్నానని ప్రకటించెను. మరుసటి యేట లినక్సు అను ఆ సిస్టమును జీపీఎల్‌క్రిందికి మార్చెను. ప్రకటించిననాటికి అతనికి ఇరువదియొక్క సంవత్సరములు. అనగా మా కళాశాలలో మేము మూడవ సంవత్సరపు బ్యాక్‌లాగులు తీర్చుకొను వయస్సు. అతని బుద్ధివిశేషమును నేను తక్కువ చేయుటలేదు. కాని అతని చేతిలో మూలముతో కూడిన పుస్తకము ఉండెను, మా చేతిలో సీనియరు రికార్డు ఉన్నది.

ఇవి దూరదేశపు ముచ్చటలని త్రోసిపుచ్చక, మన అక్షరములకు సంబంధించిన ఒక వృత్తాంతమును చిత్తగింపుడు. 2018 ఫిబ్రవరిలో జ్ఞ యను సంయుక్తాక్షరముతో కూడిన ఒక తెలుగు అక్షరక్రమము సందేశముగా వచ్చినంతనే ఐఫోనులలోని యాపులు కుప్పగూలినవి. ఆ లోపము ఆ ఫోనులను చేయు సంస్థవారి స్వకీయమైన అక్షరసంయోజన యంత్రాంగములో నుండుటచేత, ఆ లిపిలో పుట్టి పెరిగిన కోట్లమందిలో ఒక్కరికైనను లోపల ఏమి జరిగినదో చూచుటకు వీలులేక, సంస్థవారు ఆ నెలలోనే సవరణను విడుదల చేయువరకు వేచియుండుటకంటె గత్యంతరము లేకపోయెను. దీనికి భిన్నముగా, ఆండ్రాయిడు ఫోనులలోను, క్రోములోను, ఫైర్‌ఫాక్సులోను, లిబ్రెఆఫీసులోను తెలుగు ఒత్తులను గుణింతములను యథాస్థానములలో కూర్చి పెట్టునది హార్ఫ్‌బజ్ అను బహిరంగ మూలము గల సాఫ్ట్‌వేరు లైబ్రరీ. భారతీయ లిపుల కొరకు అందులో ఒక ఫైలు కలదు. దానిని తెరచినచో దేవనాగరికి ఒక పంక్తి, కన్నడమునకు ఒక పంక్తి, తెలుగునకు ఒక పంక్తిగా పట్టిక కనబడును. తెలుగు పంక్తిలో మన పొల్లునకు యూనికోడువారిచ్చిన 0సీ4డీ అను సంకేతమును, రేఫ ఎచట నిలువవలెనన్న విధియును గుర్తింపవచ్చును. చిన్ననాడు పలకమీద దిద్దిన గుణింతము ఇట్లు నియమముగా మారి కంప్యూటరులో పనిచేయుచుండుట చూచినప్పుడు నాకు కలిగిన విస్మయము, డేటా స్ట్రక్చర్స్ యూనిట్ టెస్టులో ఇరువదికి పందొమ్మిది వచ్చినప్పుడు కలుగలేదు.

తమ మండలి సభ్యులు లేవనెత్తదగిన ఆక్షేపణలను నేను ఊహింపగలను. విద్యార్థులు కాపీ కొట్టుదురనుట మొదటిది. ఆర్యా, కొట్టుచునే యున్నారు. తేడా యేమనగా, ఇప్పుడు కొట్టుచున్నది చదువదగినది కాదు. దొంగలు కూడ మూలమును చూతురు గదాయనుట రెండవది, ఇది బరువైనది. ఎక్స్‌జెడ్ అను చిన్న ఉపకరణములోనికి ఒకరు ఏండ్లతరబడి మంచివానివలె నటించి దొంగదారిని జొప్పించుట నిజమే. కాని 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రములో లాగిన్ అరక్షణము ఆలస్యమగుచున్నదేమని విసుగుపడక, మూలమువరకు తవ్వుకొనిపోయి దానిని బయటపెట్టెను. అరక్షణమును గమనించు కన్ను ఎట్లు అలవడునో చెప్పు అధ్యాయము మన సిలబస్సులో నాకు కానరాలేదు.

ఇక మా తరమువారు పుటము పెట్టిన బంగారమని నేను వాదింపబోను. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అను ఉత్సవమున, బహిరంగ ప్రాజెక్టులకు నాలుగు సవరణలు పంపినవారికి టీషర్టు దొరకునని తెలిసి, అనేకులు ఒక విశేషణమునో ఒక ఖాళీనో చేర్చి సవరణయని పంపి నిర్వాహకులను వేధించగా, సమ్మతించిన ప్రాజెక్టులకే వర్తించునట్లు నెల తొలినాళ్లలోనే నియమమును మార్చవలసివచ్చినది. పత్రముల కొరకు పరుగులిడుట నేర్పితిరి, టీషర్టు కొరకు పరుగెత్తితిమి. అమీర్‌పేటలో మూడు నెలలలో ఫుల్‌స్టాకు అని బోర్డులు కట్టు శిక్షణాలయములను మాత్రము నిందించి ఏమి లాభము? పైగా ఇప్పుడు అడిగినంతనే ప్రోగ్రామును వ్రాసిపెట్టు కృత్రిమమేధ చేతికి వచ్చినది. అది వ్రాసినదానిని చదివి ఒప్పో తప్పో చెప్పగలవానికి తప్ప తక్కినవారికి జీతమెందుకివ్వవలెనని యజమానులు అడుగు రోజు దూరమున లేదు. చదువుట నేర్పని ల్యాబు ఆ రోజునకు మమ్ములనెట్లు సిద్ధపరచునో తామే సెలవీయవలెను.

పూర్వప్రమాణము కావలెనన్నచో, భారత ప్రభుత్వము తన కార్యాలయములలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరునకు ప్రాధాన్యమిచ్చు విధానమును 2015లోనే ప్రకటించినది. కేరళ పాఠశాలలు ఎన్నడో అటు మరలినవి. బొంబాయి ఐఐటీవారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగులో సైతము లభించుచున్నవి. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు తెలుగు లినక్సునకై శ్రమించిరి. మన విశ్వవిద్యాలయము మొట్టమొదటిదై సాహసింపవలసిన అవసరము తప్పిపోయినది కావున, ఆ భయమును విడువవచ్చును.

నేను కోరునది స్వల్పము. సీ ల్యాబున లినక్సును, జీసీసీని అనుమతింపుడు. పన్నెండు ప్రయోగములలో రెండింటిని తీసివేసి, వాని స్థానమున పరులు వ్రాసిన చిన్న ప్రోగ్రామునొకదానిని చదివి వ్యాఖ్య వ్రాయు పనిని పెట్టుడు. ఫైలులోని పదములను లెక్కించు డబ్ల్యూసీ వంటిదైనను చాలును, ఎంఐటీవారు విద్యార్థులకై వ్రాసిన ఎక్స్‌వీ6లోని ఒక పుటయైనను చాలును. రికార్డులో యంత్రము పలికినదానినే, మైనస్‌తో సహా, వ్రాయనిండు. ఎందుకట్లు పలికెనో నాలుగు పంక్తులు వ్రాసినవానికి రెండు ఇంటర్నలు మార్కులు ఈయుడు. వైవాలో ఎక్స్‌టర్నలు గారికి 5ను మించి అడుగుటకు ధైర్యము కలుగునట్లు ఒక సర్క్యులరు వెలువరింపుడు.

ఇందుకు విశ్వవిద్యాలయ ఖజానానుండి నయాపైస వ్యయము కాదు. టెండరు పిలువ నక్కరలేదు గనుక జాప్యమునకు కారణము కూడ దొరకదు. లినక్సును ఎక్కించుటకు పెన్‌డ్రైవుతో మేము కొందరము ఏ ఆదివారమునైనను రాగలము. ల్యాబు తాళపుచెవి అటెండరు గారి వద్ద నున్నది. పైనుండి కాగితము వచ్చిననే కాని ఇయ్యనని వారు సెలవిచ్చియున్నారు.

చిత్తగింపవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ద్వితీయ సంవత్సర విద్యార్థి
(హాల్‌టికెట్టు సంఖ్యను, పరీక్షా ఫలితములు వెలువడిన పిమ్మట తెలియజేసికొందును.)