మీరే కోరుకున్నారట!

జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లారనుకోండి. డాక్టరు మొహం కనబడకముందే కౌంటర్లోంచి ఓ అట్ట మీ చేతికొస్తుంది. దాని క్లిప్పు కింద కాగితాలు. పాత జబ్బులు రాయండి, వాడే మందులు రాయండి, డేటా అనుమతి ఇవ్వండి. అడుగున నక్కి ఇంకొకటి: కంటి ప్రెషర్ పరీక్ష, సొంత ఖర్చుతో. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో ముందే ఇంటూ మార్కు. వెనక క్యూ. చదివేంత జర్మన్ వచ్చా? వచ్చినా చదవనిస్తారా? గీకేస్తారు. ఇక ఆ పరీక్ష మీ కోరిక మీదే జరిగినట్టు లెక్క. మహాప్రభో, అసలు ఎప్పుడు కోరుకున్నాం?

చట్టం లేదనుకునేరు. 2013 ఫిబ్రవరిలోనే రోగుల హక్కుల చట్టం వచ్చింది. సివిల్ కోడ్ 630సి సెక్షన్ ఏమంటుంది? ఇన్సూరెన్స్ మొత్తం ఖర్చు భరించదని డాక్టరుకు తెలిస్తే, వైద్యం మొదలెట్టకముందే ఎంతవుతుందో రాసివ్వాలి. నోటిమాట చాలదు. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. అమలు చూస్తే తెరుచుకుంటాయి. రోగిని కాపాడమని పుట్టించిన కాగితం ఇప్పుడు కాపాడుతున్నది ఎవర్ని? రేపు గొడవైతే ఫైల్లోంచి తీసి చూపించేది ఎవరు?

సరే, ధర చెప్పారనే అనుకుందాం. పనికొస్తుందో లేదో చెప్పారా? ఇన్సూరెన్స్ సంస్థలకు సలహాలిచ్చే వైద్య సేవా సంస్థ 2012 నుంచి ఈ సొంత ఖర్చు పరీక్షలకు మార్కులు వేస్తోంది. ఏ అనుమానమూ లేనివాళ్లకు నీటికాసులు (గ్లకోమా) ఉన్నాయేమోనని చేసే కంటి ప్రెషర్ పరీక్ష మేలు కన్నా కీడు వైపే మొగ్గుతుందని తేల్చింది. అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టేస్తామంటూ చేసే అల్ట్రాసౌండ్‌కైతే ఏకంగా నెగెటివ్. ఆ మార్కులు అట్టమీద కాగితంలో ఎందుకుండవు? జాగా చాల్లేదా?

లెక్కలు రావనీ అనలేం. ఈ పరీక్షలకూ వర్తించే ప్రైవేటు వైద్యం ఫీజులో ఒక్కో పాయింటు విలువ 5.82873 సెంట్లు. అయిదు దశాంశ స్థానాలు! దాన్ని మామూలుగా 2.3 రెట్ల దాకా, కారణం రాస్తే 3.5 రెట్ల దాకా పెంచుకోవచ్చు. ఇంత సూక్ష్మంగా లెక్కగట్టే దేశంలో మొత్తమెంత అని అడిగితే మాత్రం జవాబు 'చూడాలండీ' అట. కట్టుడు పళ్లకు ముందే వైద్య ప్రణాళిక, ఖర్చుల పట్టిక ఇస్తారే. పంటికి కుదిరింది కంటికి కుదరదా?

ఫిర్యాదు చేస్తారా? డాక్టర్ల చాంబరు, వాళ్లకు ఇన్సూరెన్స్ సొమ్ము పంచే సంఘం, వినియోగదారుల కేంద్రం. రాష్ట్రంలోని ఈ ప్రాంతానికి ముగ్గురు పెద్దలూ డ్యూసెల్‌డార్ఫ్‌లోనే కొలువున్నారు. ఫిర్యాదుకు ట్రామ్ టికెట్ చాలు. సగం పూట సెలవు మాత్రం మీదే.

హైదరాబాదువాళ్లూ, నవ్వింది చాలు. ఆసుపత్రి ధరలు ఇంగ్లిష్‌లోనూ స్థానిక భాషలోనూ అందరికీ కనబడేలా పెట్టాలని కేంద్ర నిబంధనలు 2012లోనే చెప్పాయి. మీ ఆసుపత్రి గోడమీద తెలుగులో ఏం కనబడింది? చెప్పులు బయట వదలమనేగా? 2020 జూన్‌లో తెలంగాణ కోవిడ్ ధరలు కట్టడి చేసింది. వార్డుకు రోజుకు 4,000 రూపాయలు, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో 9,000. భేష్! కానీ పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు, పెద్ద పరీక్షలు ఆ లెక్కలో లేవు. ఇక బిల్లు ఎక్కడ ఉబ్బిందో వేరే చెప్పాలా? మొత్తం ఎంతవుతుందని ముందే అడిగినవాళ్లకు దొరికిన సమాధానం ఒక్కటే: 'ముందు అడ్వాన్స్ కట్టండి.' అడ్వాన్స్ ఎంతో మాత్రం టక్కున చెప్పేశారు.