రణపాల పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

మట్టి యెండుదాక మానుము నీరంబు
తొట్టి యడుగుఁ జిల్లు తొలుచవలయు
నెండ గాలి యున్న యెడ నుంచి రణపాల
మరచువాని యింట మనును సుమ్ము

ప్రతిపదార్థం: మట్టి = తొట్టిలోని మన్ను; ఎండుదాక = పైపొర మాత్రమే కాక రెండంగుళాల లోతున కూడా తడి ఆరేవరకు; నీరంబు = నీటిని; మానుము = పోయకుము; తొట్టి అడుగున్ = కుండీ అడుగున; చిల్లు = రంధ్రాన్ని; తొలుచవలయున్ = చేయవలెను; ఎండ గాలి ఉన్న ఎడన్ = వెలుతురు, గాలి సోకే చోట; ఉంచి = పెట్టి; మరచువాని = ఆపైన దాని ఊసెత్తనివాని; ఇంటన్ = గృహంలో; రణపాల = ఆ పేరుగల మొక్క; మనును = బతుకుతుంది; సుమ్ము = ఇది నిశ్చయం.

తాత్పర్యం: మట్టి ఎండాకే నీరు పోసి, చిల్లున్న కుండీలో నాటి, వెలుతురున్న చోట పెట్టి, తరువాత దాని జోలికి పోనివారి ఇంట్లోనే రణపాల వర్ధిల్లుతుందని భావం.

వ్యాఖ్య: తోటపని చెప్పే గ్రంథాలు సాధారణంగా నీరు పోయమనే విధితో ఆరంభమవుతాయి, ఇక్కడ మాత్రం కవి నిషేధంతో ఆరంభించాడు. అందుకు తగిన కారణం ఉంది. రణపాల పుట్టినిల్లు మడగాస్కర్ దీవి. అది క్రాసులేసి కుటుంబానికి చెందినది, దళసరి ఆకుల్లో నీటిని దాచుకొని కరువు రోజులను గడుపుకొనే స్వభావం గలది. వేళ్లకు నీరు ఎంత అవసరమో మట్టి రేణువుల సందుల్లో నిలిచే గాలి కూడా అంతే అవసరం కనుక, ఆ సందులన్నీ ఎప్పుడూ నీటితో నిండి ఉంటే వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు, అందువల్ల ఆకు వాడుతుంది, వాడిన ఆకును చూసి గృహస్థు దానికి దాహం వేసిందని జాలిపడి మరో చెంబెడు పోస్తాడు. రణపాల మరణాల్లో అధికభాగం ఈ జాలి ఫలితమే. దాహంతో ఉన్న ఆకు ముడతపడి పలచబడుతుంది. నీరెక్కువైన ఆకు పసుపుబారి, వేలితో నొక్కితే చితికేటంత మెత్తబడి, కాడ మొదట్లో నల్లబడుతుంది. ఈ భేదం తెలియకుండా చెంబు పట్టరాదు.

‘ఎండుదాక’ అన్నచోట వారానికొకసారి అని అర్థం చెప్పేవారున్నారు. అది పొసగదు. మే నెలలో వారంలో ఎండే మట్టి శ్రావణమాసపు ముసురులో పదిహేను రోజులకైనా ఎండకపోవచ్చు గనుక, ఇక్కడ ప్రమాణం పంచాంగం కాదు, చీపురుపుల్ల. పుల్లను రెండంగుళాల లోతుకు గుచ్చి తీసినప్పుడు మట్టి అంటకుండా వస్తే నీరు పోయవచ్చు. పోసినప్పుడు పిసినారితనం లేకుండా, అడుగు చిల్లు నుంచి కారేటంతగా పోసి, కింది పళ్లెంలో నిలిచినదాన్ని పారబోయాలి.

రెండవ పాదంలోని ‘తొలుచవలయు’ అన్న మాట, అందానికి మెరుగుపెట్టి, అడుగున చిల్లు మాత్రం పెట్టకుండా అమ్మే పింగాణీ కుండీలను ఉద్దేశించినదిగా తోస్తుంది. మట్టి గురించి మూలం మౌనం వహించింది. ఎర్రమట్టికి సమంగా ముతక ఏటి ఇసుకను, ఒక పిడికెడు బాగా చివికిన పశువుల ఎరువును కలిపితే చాలు, ఉప్పుండే సముద్రపు ఇసుక మాత్రం పనికిరాదు.

‘ఎండ గాలి’ అన్నచోట విశేషముంది. చాలా మొక్కలు పగలు పత్రరంధ్రాలు, అనగా ఆకుపై కంటికి కనబడని సన్నని ద్వారాలు, తెరచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తాయి. ఆ సమయంలోనే ఆకులోని తడి ఆవిరై పోతుంది. రణపాల ఆ ద్వారాలను ప్రధానంగా రాత్రివేళ తెరచి, గ్రహించిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకొని, పగలు తలుపులు మూసుకొని ఆ నిల్వతో ఎండ సాయాన పిండివంట సాగిస్తుంది. ఒకప్పుడు సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీవారి తోటను చూసుకున్న బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ ఆకును నమిలి, అది తెల్లవారుజామున పుల్లగాను, మధ్యాహ్నానికి రుచి లేకుండాను, సాయంత్రానికి కాస్త చేదుగాను ఉంటుందని గమనించి రాసిన సంగతి 1815లో లండన్ లిన్నియన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. ఆ పులుపుకు మూలమైన ప్రక్రియకు తరువాతి శాస్త్రజ్ఞులు ఈ మొక్క కుటుంబం పేరుమీదుగా క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అని పేరు పెట్టారు. పగటి వెలుతురు చాలనప్పుడు రాత్రి సంపాదన వృథాయే గనుక, తూర్పు కిటికీ దొరకని మొక్క కాడ సన్నగా సాగి, ఆకుకూ ఆకుకూ ఎడం పెరిగి, వెలుతురు దిక్కుకు ఒరుగుతుంది.

‘యెడ నుంచి’ అన్నదాన్ని ‘ఎడన్ ఉంచి’ అని విడదీయడం సంప్రదాయం. ‘ఆ చోటు నుంచి తీసి’ అని చదివే పాఠకులు మొక్కను కిటికీ దగ్గర నుంచి టీవీ బల్ల మీదికి, అక్కడి నుంచి పూజగది మూలకు తిప్పుతుంటారు. ఈ అన్వయం వ్యాకరణానికి లొంగుతుంది గాని మొక్కకు సరిపడదు.

‘మరచువాని’ అన్నది పద్యానికి ప్రాణం. అయితే మరపుకు హద్దుంది. ఆకుల మొదళ్లలో దూదిలా అంటుకొనే పిండినల్లిని మరువరాదు. సబ్బునీటిలో తడిపిన గుడ్డతో తుడవాలి. ఆకులు పశువులకూ పెంపుడు పిల్లులకూ విషతుల్యమన్న సంగతీ మరువరాదు. ఇవి తప్ప మిగిలినదంతా మొక్క స్వయంగా చూసుకుంటుంది. రాలిన ఆకు తడి మట్టిమీద పడితే అంచు నొక్కుల్లోంచి పిల్లమొక్కలు లేస్తాయి, బడిపిల్లల పుస్తకాల మధ్య దాగిన ఆకు కూడా అలాగే మొలకెత్తుతుంది.

ఇక ఏకవచన ప్రయోగం గురించి ఒక సందేహం. ఇంట్లో నలుగురుంటే మరచేవాడు ఒకడైతే చాలునా అని ప్రశ్న. చాలదు. తండ్రి మరచిన రోజున తల్లికి, తల్లి మరచిన రోజున అత్తగారికి, ఆమె మరచిన రోజున బియ్యం కడిగిన నీటిని వృథా చేయలేని పనిమనిషికి మొక్క గుర్తుకొస్తుంది. కనుక ఇక్కడి ఏకవచనాన్ని జాత్యేకవచనంగా గ్రహించి, ఇంటిల్లిపాదికీ అన్వయించుకోవాలి. అది కుదరని ఇళ్లలో చెంబును ఒక్కరి చేతికే అప్పగించాలి.