గడువు తీరిన నామధేయము: టీకా తాత్పర్య సహితము

అవతారిక
మందమర్రి మార్కెట్‌లో డీటీపీ, జిరాక్స్ నడిపే కుర్రవాడొకడు రిటైరయిన సింగరేణి కార్మికుల సంఘానికి వెబ్‌సైటు చేసిపెట్టి, దాని పేరును తన ఈమెయిలు మీదనే రిజిస్టరు చేయించెననుకొందము. పిమ్మట హైదరాబాదులో కొలువు దొరికి కొట్టు మూసెను. ఎవరూ తెరవని ఆ ఈమెయిలుకు ఈ క్రింది సూత్రము వచ్చెను. చదువువారు లేనందున వ్యాఖ్యాత పూనుకొనవలసి వచ్చినది.

మూలము
“ప్రియమైన వినియోగదారూ! మీ డొమైన్ గడువు ముగిసినది. వెంటనే పునరుద్ధరింపుడు. లేనిచో అది ఇతరులకు లభింపవచ్చును.”

ప్రతిపదార్థము
ప్రియమైన = బాకీపడిన; వినియోగదారూ = ఓనరు కానివాడా; మీ = నిన్నటి వరకు మీదైన; డొమైన్ = ఏటేటా రుసుము కట్టి వాడుకొను పేరు; గడువు ముగిసినది = మాకు పని మొదలైనది; వెంటనే = ఎన్ని దినములో చెప్పము; పునరుద్ధరింపుడు = సొమ్ము కట్టుడు; ఇతరులకు = వేలములో పై పాట పాడినవారికి; లభింపవచ్చును = మేమే అమ్ముదుము.

విశేషములు
డాట్ కామ్ పేర్ల పట్టిక అమెరికాలోని వెరిసైన్ చేత, డాట్ ఇన్ పట్టిక ఢిల్లీలోని నిక్సీ చేత ఉండును. రిజిస్ట్రారు నడుమనున్న విక్రేత. సింగరేణి క్వార్టరులో ఎన్నేండ్లున్నను, రిటైరైనాక తాళము కంపెనీకి అప్పగింపవలసినదే గదా! పేరును అట్టిదే. అయితే కంపెనీ ఆ క్వార్టరుకు పాట పెట్టదు. మరియొక కార్మికునికి కేటాయించును.

డాట్ కామ్ వంటి పేర్లకు, డొమైన్ నియమములు చేయు ఐకాన్ సంస్థ 2013లో అమలు చేసిన నియమము కలదు. రిజిస్ట్రారు గడువుకు ఇంచుమించు నెల ముందొకటి, వారము ముందొకటి, తీరిన 5 దినములలోపు మరొకటి నోటీసు పంపవలెను. పేరు తొలగించినచో పాతవారు విడిపించుకొనుటకు 30 దినములుండును.

ఇచట, సంఘము పేరు వేలములో పోయిన పిమ్మట, రిటైరయిన కోల్‌ఫిల్లరొకడు శంకించెను: “ముప్పై దినాలు టైమున్నదంటరు గద సారూ, మరి మా పేరెట్ల పాయె?”

సమాధానము: ఆ 30 దినములు పేరును తొలగించిన నాటి నుండి లెక్క. తొలగింపక, నేరుగా పాటదారుని ఖాతాకు మార్చినచో లెక్క మొదలే కాదు. వ్యాపార రహస్యమంతయు ఇందే కలదు.

పూర్వపక్షము
రిజిస్ట్రారు పలుకును: “అంగీకరించితినని టిక్కు పెట్టినది మీరే. గడువు తీరినచో మార్చుకొనవచ్చునని ఒప్పందములో ఉన్నది. నోటీసులు పంపితిమి. మేము వదలినను, కాచుకొని ఉన్న కంప్యూటర్లు క్షణములో తన్నుకుపోవును.”

సిద్ధాంతము
ఇందులో అబద్ధము లేదు. టిక్కు చెల్లును. కాని రెన్యువల్ వలన వచ్చునది వెయ్యో, పదునైదువందలో. మంచి పేరుకు వేలములో అంతకు ఎన్నో రెట్లు. నిన్ను మేల్కొలుపవలసినవానికి నీ నిద్రయే లాభమైనచో, వాని పిలుపు ఎంత గట్టిగా ఉండును?

ప్రమాణములు
హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారు స్థాపించిన సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ సొల్యూషన్స్ మీద తెచ్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2004 మే 6న డొమైన్ పేరుకును ట్రేడ్‌మార్కు వలె రక్షణ కలదనెను. కావున సంఘము పేరుతో మరియొకడు జనమును మోసగించినచో కోర్టుకెక్కవచ్చును. అయితే ఆ పేరునకు జనములో గుర్తింపు కలదని ఋజువు చేయవలెను. పింఛను సొమ్ముతో నడుచు సంఘమునకు వకీలు ఫీజే పెద్ద పాట.

తాత్పర్యము
కట్టనివాని తప్పు కలదు. అమ్మువానికి ఒప్పందబలమును కలదు. అయినను తొలగింపు, 30 దినముల విడుదల గడువు గడచిన పిమ్మటనే అమ్మకము జరుగవలెను. అంతకు ముందు అమ్మినచో వచ్చిన సొమ్ములో పాతవానికి వాటా ఉండవలెను. రెండును లేని వేలము చట్టమునకు ఒప్పినను ధర్మమునకు ఒప్పదని భావము.

ఫలశ్రుతి
ఈ వ్యాఖ్య విన్న ఏ సంఘపు కార్యదర్శియైనను డొమైన్‌ను తన సంఘము ఈమెయిలు మీదికి మార్పించి, ఆటో రెన్యువల్ పెట్టించి, కోశాధికారి కార్డును దానికి జతచేయును. ఆ కార్డుకును గడువు కలదు. దాని నోటీసుకు వేరొక టీక వ్రాయవలసియున్నది.